ఎడారి గోల్ఫ్ కోర్సులో వేసవి మచ్చలు: విత్తనం పెంచే ముందు బెర్ముడాకు వంద రోజులు ఇవ్వండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ఒకసారి తిరిగి చెబుతాను. మీది వేడి ఎడారిలోని 18 హోళ్ళ కోర్సు. ఫెయిర్‌వేలలో, అంటే ఆట మొదలుపెట్టే టీకి, జెండా గుంట ఉండే గ్రీన్‌కు నడుమ పొట్టిగా కోసిన పచ్చికలో, హైబ్రిడ్ బెర్ముడా గడ్డి ఉంది. అది చలికాలంలో నిద్రపోయి గోధుమ వన్నెకు తిరుగుతుంది కాబట్టి, పచ్చదనం కోసం దాని మీద ప్రతి అక్టోబరులో చలిని ఓర్చుకునే రై గడ్డి విత్తనం చల్లుతున్నారు. జూన్‌లో రై ఎండిపోగానే కింద బెర్ముడా కనిపించవలసిన చోట మట్టి కనిపిస్తున్నది, ఆ మచ్చలు ఆగస్టు దాకా పూడడం లేదు. కమిటీలో కొందరు విత్తనం పెంచుదామంటున్నారు, మరికొందరు బెర్ముడా రకాన్నే మార్చుదామంటున్నారు. ఏ కాలంలో ఏ పని చేయాలి, మెరుగుదలకు కేటాయించిన డబ్బు ముందుగా దేని మీద పెట్టాలి అని మీరు అడిగారు.

సూటిగా జవాబు ఇది. విత్తనం పెంచకండి, రకాన్ని ఇప్పుడే మార్చకండి. రై గడ్డిని మే నెలాఖరుకల్లా మీరే తొలగించి, సెప్టెంబరు దాకా పోటీ లేని వంద రోజులు బెర్ముడాకు ఇవ్వండి. డబ్బును ముందు స్ప్రింక్లర్ల మీద, నేలలోని ఉప్పును కడగడం మీద పెట్టండి. ఎడారి కోర్సులలో ఇరవై ఏళ్ళకు పైగా పచ్చిక బాధ్యత చూసే సూపరింటెండెంటుగా పనిచేశాను. ఇటువంటి మచ్చలకు విత్తనం చాలకపోవడమే కారణమని తేలిన సందర్భం ఒక్కటీ నాకు ఎదురుకాలేదు. విత్తనం ఎక్కువై, రై ఎక్కువ కాలం నిలిచి, కింది గడ్డి సన్నగిల్లిపోయిన కోర్సులను మాత్రం చాలా చూశాను. నేను చెప్పే నెలలు అమెరికా నైరుతిన అరిజోనా వైపు ఉన్న సొనోరన్ ఎడారి దిగువ ప్రాంతాల వంటి చోట్లకు సరిపోతాయి. మీ దగ్గర క్యాలెండర్ కంటే థర్మామీటరును నమ్మండి.

వంద రోజులు ఎందుకంటే, బెర్ముడా మనకు తెలిసిన గరిక జాతిదే. 1960లో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ నుంచి విడుదలై ప్రపంచమంతా వ్యాపించిన టిఫ్‌వే 419 వంటి హైబ్రిడ్‌లు ఆ గరికను దాని ఆఫ్రికా బంధువుతో సంకరం చేసి తీసినవి. ఎండ తగలకపోతే ఇది బతకదు. నేల ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు చేరేసరికి నిద్ర లేచి, చలికాలమంతా వేర్లలోను కాండాలలోను దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చుపెట్టి చిగురు వేస్తుంది. సరిగ్గా అదే సమయంలో, అంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో, దాని నెత్తిన రై గడ్డి ఏడాదిలోకెల్లా దట్టంగా ఉంటుంది. చిగురుకు ఎండ అందదు, నీటిలోను ఎరువులోను పెద్ద వాటా రై తీసుకుంటుంది, దాచుకున్న నిల్వ తరిగిపోతుంది. ఒక్క ఏడాది ఇలా జరిగితే బెర్ముడా తట్టుకుంటుంది. నాలుగేళ్ళు వరసగా జరిగితే దుబ్బు పలచబడి, అయిదో ఏట మట్టి బయటపడుతుంది. మీరు జూన్‌లో చూస్తున్న మచ్చ అసలు పుట్టింది ఆ ముందటి వసంతాలలో.

లెక్క వేసి చూడండి. రై జూన్ 1కి పోతే సెప్టెంబరు 8కి వంద రోజులు నిండుతాయి. దాన్ని వేడికి వదిలేసి తనంతట తాను చచ్చిపోతుందని ఎదురుచూస్తే, ఇప్పటి మెరుగైన రై రకాలు వేడిని బాగా ఓర్చుకుంటాయి కాబట్టి జూలై సగం దాకా అక్కడక్కడ నిలుస్తాయి. సెప్టెంబరు 15న మీరు మళ్ళీ విత్తనం కోసం గడ్డిని కోయడం మొదలుపెడతారు. బెర్ముడాకు మిగిలింది రెండు నెలలు. ఆ రెండు నెలల్లో అది మచ్చలు పూడ్చుకోవాలి, వేరు దింపాలి, రాబోయే చలికాలానికి నిల్వ దాచుకోవాలి. ఇన్ని పనులకు ఆ వ్యవధి చాలదు.

వసంతంలో రైని తొలగించడం. ఈ పని ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. ఫిబ్రవరి చివర, మార్చిలో రైకి నత్రజని తగ్గించాలి. సభ్యుల కళ్ళకు ఇంపుగా ఉంటుందని ఆ నెలల్లో వేసే ప్రతి బస్తా బెర్ముడాకు చేటు చేస్తుంది. మార్చి నుంచి కోత ఎత్తును కొద్దికొద్దిగా, ఉదాహరణకు 15 మిల్లీమీటర్ల నుంచి 11 దాకా, ఒకేసారి కాకుండా కొన్ని వారాలలో దించండి. నిలువు కత్తుల యంత్రాన్ని తేలికగా నడిపి రై తలకట్టును పలచన చేస్తే కిందికి వెలుతురు దిగుతుంది. రాత్రి ఉష్ణోగ్రతలు వరసగా 18 డిగ్రీలకు పైన నిలిచి, రై మధ్యలో బెర్ముడా చిగురు స్పష్టంగా కనిపించినప్పుడు, సాధారణంగా మే నెల సగంలో, సల్ఫొనైల్‌యూరియా తరగతికి చెందిన కలుపుమందు వాడండి. ఫోరంసల్ఫ్యూరాన్, ట్రైఫ్లాక్సీసల్ఫ్యూరాన్ ఈ తరగతిలోవి. ఇవి రైని రెండు, మూడు వారాలలో చంపుతాయి, బెర్ముడాకు హాని చేయవు. మీ ప్రాంతంలో ఏ మందుకు అనుమతి ఉందో చూసుకొని, లేబుల్ మీద రాసిన మోతాదును అక్షరాలా పాటించండి.

ఈ మందులతో ఒక ప్రమాదం ఉంది. తడిగా ఉన్న ఫెయిర్‌వే మీద నడిచిన చక్రాలు, బూట్లు ఈ మందును గ్రీన్ మీదికి మోసుకుపోతాయి. గ్రీన్ మీద రై లాగానే చల్లని వాతావరణపు గడ్డి రకాలైన బెంట్ గానీ పోవా ట్రివియాలిస్ గానీ ఉంటే మరుసటి వారం అక్కడ టైరు గుర్తుల ఆకారంలోనే పసుపు చారలు తేలుతాయి. వాలు పైన పిచికారీ చేసి వెంటనే నీరు పెట్టినా మందు కిందికి పారి అంతే నష్టం చేస్తుంది. మందు ఆరే దాకా ఆ హోల్‌ను మూసి ఉంచాలి.

మందు ఖర్చు తప్పించుకోవాలని చాలామంది నీళ్ళు ఆపి రైని ఎండబెట్టాలని చూస్తారు. నా మొదటి సంవత్సరాలలో నేనూ అదే చేశాను. ఏప్రిల్‌లో తడులు సగానికి తగ్గించాను. రై వేర్లు అప్పటికి బెర్ముడా కొత్త వేర్ల కంటే లోతుగా, బలంగా ఉన్నందువల్ల ముందు వాడింది బెర్ముడాయే. ఆ సంవత్సరం ఆరు ఫెయిర్‌వేలు ఆగస్టు చివరి దాకా కోలుకోలేదు. ఆ తర్వాత రై పోయే దశలో నేను నీరు తగ్గించలేదు. పైగా బెర్ముడా తొందరగా పాకడానికి మామూలు కంటే కాస్త ఎక్కువే ఇస్తూ వచ్చాను.

వేసవి మీ అసలు పని కాలం. ఆటగాళ్ళు తక్కువగా ఉంటారు, బెర్ముడా ఏడాదిలోకెల్లా వేగంగా పెరుగుతుంది. నేలకు గాయం చేసే పనులన్నీ జూన్ మధ్య నుంచి ఆగస్టు సగం లోపల పెట్టుకోవాలి. నేల నుంచి 75 నుంచి 100 మిల్లీమీటర్ల లోతున మట్టి కడ్డీలను పెరికి గుల్లబరచడం, నిలువు కత్తుల కోత, ఇసుక పరవడం ఈ కాలంలో చేస్తే రెండు వారాలలో గడ్డి మూసుకుంటుంది. అవే పనులు సెప్టెంబరులో చేస్తే చలికాలానికి దాచుకోవలసిన నిల్వను గాయం మాన్పడానికి ఖర్చు చేయిస్తారు. నెలకు హెక్టారుకు 50 కిలోల దాకా నత్రజని, నేల పరీక్ష చెప్పినంత పొటాష్ ఇవ్వండి. వేడికి భయపడనవసరం లేదు. 2023 వేసవిలో ఫీనిక్స్ నగరంలో వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. అటువంటి ఎండ కూడా నీరు అందుతున్న బెర్ముడాకు ప్రాణాంతకం కాదు. గ్రీన్ మీద బెంట్ గడ్డి ఉంటే మాత్రం సంగతి వేరు. దానికి మధ్యాహ్నం పూట తేలికపాటి చిలకరింపు, గాలి ఆడని చోట ఫ్యాన్లు, కొంచెం ఎత్తు కోత తప్పనిసరి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కమిటీలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

మచ్చలు ఎక్కడ వస్తున్నాయో కోర్సు పటం మీద గీయండి. నేను పనిచేసిన ఒక కోర్సులో ఇలా గీస్తే, మచ్చలన్నీ రెండు స్ప్రింక్లర్ల నడుమ అర్ధచంద్రాకారంలో వరసగా పడ్డాయి. ఏళ్ళ తరబడి ఇసుక పరచగా స్ప్రింక్లర్ తలలు నేల మట్టానికి కిందికి దిగిపోయాయి, కొన్ని పక్కకు ఒరిగాయి, నాజిళ్ళు అరిగిపోయి ధార విరిగిపోతున్నది. చలికాలంలో రైకి ఆ కొద్ది నీరు సరిపోయేది కాబట్టి లోపం బయటపడలేదు. జూన్‌లో రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరయ్యే ఎండలో అదే చోట గడ్డి మాడిపోయింది. ఆ మచ్చలలో ఎంత విత్తనం చల్లినా ఫలితం అదే.

నీరు సమంగా పడుతున్నదా లేదా చూడడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒకే కొలత గల డబ్బాలను గళ్ళ వరసలో పేర్చి, పావుగంట స్ప్రింక్లర్లు నడిపి, ప్రతి డబ్బాలో పడిన నీటిని కొలవండి. అన్నిటికంటే తక్కువ పడిన పావు వంతు డబ్బాల సగటును మొత్తం సగటుతో భాగిస్తే సమానత నిష్పత్తి వస్తుంది. అది 0.6 అనుకోండి. గడ్డికి 5 మిల్లీమీటర్లు కావలసిన రోజున, ఎండిన మూలలు కూడా తడవాలంటే మీరు సుమారు 8.3 మిల్లీమీటర్లు ఇవ్వాలి. తలలను మట్టానికి ఎత్తి, నాజిళ్ళు మార్చి, పీడనం సరిచేసి నిష్పత్తిని 0.75కు తెస్తే 6.7 మిల్లీమీటర్లు చాలు. తేడా 1.6 మిల్లీమీటర్లే అయినా, హెక్టారుకు రోజుకు 16 వేల లీటర్లు. 20 హెక్టార్ల ఫెయిర్‌వేల మీద రోజుకు 3 లక్షల 20 వేల లీటర్లు. ఎడారిలో ఇంత నీరు ఆదా చేసి, పైగా మచ్చలు కూడా తగ్గించే పని మరొకటి నాకు తెలియదు. అందుకే కొత్త రకం గడ్డి కంటే ముందు దీన్ని చేయమంటాను. ఎండిన మూలలో ఏ రకమైనా ఎండుతుంది.

రెండవది ఉప్పు. ఎడారిలో వాన నేలను కడగదు. మీరు ఇచ్చే నీటిలోని ఉప్పు, నీరు ఆవిరయ్యాక వేర్ల దగ్గరే మిగులుతుంది. శుద్ధి చేసిన మురుగునీరు వాడుతుంటే ఇది ఇంకా తొందరగా పేరుకుంటుంది. నేల లవణీయతను ఈసీ అనే కొలతలో, మీటరుకు డెసీసీమెన్స్ లెక్కన చెబుతారు. బెర్ముడా 6.9 దాకా ఎదుగుదల తగ్గకుండా ఓర్చుకుంటుంది, పెరిగిన రై 5.6 దాకా ఓర్చుకుంటుంది, మొలక దశలో ఏ గడ్డికైనా ఓర్పు ఇంతకంటే తక్కువ. మీ నీటి ఈసీ 2 అయి, నేలను 5.6 దగ్గర నిలపాలంటే ఇచ్చిన నీటిలో సుమారు 8 శాతం వేర్లు దాటి కిందికి దిగిపోవాలి. మొలకల కోసం 3 దగ్గర నిలపాలంటే ఆ వాటా 15 శాతం దాటుతుంది. రోజూ కొంచెం కొంచెం అదనంగా ఇస్తే పైపొర బురదవుతుంది తప్ప ఉప్పు దిగదు. గుల్లబరిచిన తర్వాత రెండు మూడు రాత్రులు, కాసేపు పారించి, ఇంకే దాకా ఆపి, మళ్ళీ పారించే పద్ధతిలో ఒక భారీ తడి ఇవ్వడం మేలు. ఆగస్టు చివరలో, విత్తనానికి ముందు, ఒకసారి తప్పక చేయండి.

జిప్సం గురించి ఒక మాట. జిప్సం సోడియాన్ని మట్టి రేణువుల నుంచి విడదీస్తుంది, అంతే. విడిపోయిన సోడియాన్ని కిందికి తీసుకుపోయేది నీరే. భారీ తడి ఇవ్వకుండా ఏటా జిప్సం మాత్రం చల్లే కోర్సులు తమ డబ్బును నేల మీద పోస్తున్నాయి. నేల, నీరు రెండింటి పరీక్షలలో సోడియం నిష్పత్తి ఎక్కువని తేలితేనే వాడండి.

ఉప్పును పట్టించుకోకపోతే ఇంకొక జబ్బు కూడా వస్తుంది. రై మీద, గ్రీన్‌లపై పోవా ట్రివియాలిస్ మీద నీళ్ళు నానినట్టు ముదురు రంగు అంచులతో మచ్చలు పడి రోజులలో విస్తరించే రాపిడ్ బ్లైట్ అది. దాని కారకం మామూలు శిలీంధ్రం కాదు. సముద్రపు గడ్డిని ఆశించే జీవుల కుటుంబానికి చెందిన ఆ సూక్ష్మజీవికి 2005లో అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు లాబిరింథులా టెరెస్ట్రిస్ అని పేరుపెట్టారు. ఉప్పు నీరు వాడే చోటనే ఇది విజృంభిస్తుంది. శిలీంధ్రనాశని కొట్టి ఊరుకుంటే తిరిగి వస్తుంది, ఉప్పు కడిగితే తగ్గుతుంది.

శరత్కాలపు విత్తనం. రాత్రి ఉష్ణోగ్రత 13 నుంచి 16 డిగ్రీల మధ్యకు, పది సెంటీమీటర్ల లోతున నేల 22 నుంచి 25 డిగ్రీల మధ్యకు దిగినప్పుడు చల్లాలి. సెప్టెంబరులోనే తొందరపడితే బెర్ముడా ఇంకా చురుకుగా ఉండి మొలకను అణచివేస్తుంది, రాత్రి వేడికి తోడు రోజుకు నాలుగైదు సార్లు పెట్టే నీటి వల్ల పిథియం తెగులు మొలకలను పడుకోబెడుతుంది. నవంబరు దాటితే మొలక నత్తనడక నడుస్తుంది. విత్తనానికి ముందు మూడు నాలుగు వారాలు బెర్ముడాకు నత్రజని ఆపి, పెరుగుదలను నెమ్మదింపజేసే ట్రినెక్సాపాక్ ఇథైల్ వాడితే సరిపోతుంది. మట్టి కనిపించేలా గొరిగివేయడం పాత అలవాటు, దాన్ని మానండి. అలా గొరిగినప్పుడు తెగిపోయేవి వచ్చే వసంతంలో చిగురించవలసిన కణుపులే.

విత్తనం మోతాదు విషయంలో కమిటీకి ఈ లెక్క చూపండి. కిలో రై విత్తనంలో సుమారు 5 లక్షల గింజలుంటాయి. ఫెయిర్‌వేకు హెక్టారుకు 500 కిలోలు చల్లితే చదరపు సెంటీమీటరుకు రెండున్నర గింజలు పడతాయి. అంతకు మించి చల్లితే మొలకలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ సన్నగా పెరుగుతాయి, తెగులు సులభంగా పాకుతుంది, వసంతంలో బెర్ముడా మీద నీడ ఇంకా చిక్కనవుతుంది. నేను చివరి సంవత్సరాలలో 450 కిలోల దగ్గర నిలిచాను. నవంబరులో కొంచెం పలచగా కనిపించినా డిసెంబరుకు కమ్ముకునేది. ఆటగాళ్ళు తిరిగే చిన్న బండ్లయిన కార్ట్‌లను మాత్రం నాలుగు వారాలు దారి మీదనే నడిపించాలి.

చలికాలంలో చేయవలసినది తక్కువ. మంచు పేరుకున్న ఉదయం ఎవరినీ గడ్డి మీద నడవనివ్వకండి, గడ్డకట్టిన ఆకు అడుగు కింద చిట్లి నల్లబడుతుంది. కార్ట్‌లు ప్రవేశించే చోట్లను తాళ్ళతో తరచు మార్చండి.

విత్తనం చల్లే విస్తీర్ణాన్ని కూడా ఆలోచించండి. ఫిబ్రవరిలో జరిగే ఫీనిక్స్ ఓపెన్ వంటి పోటీలను టీవీలో చూసి, మన కోర్సు కూడా అంచు నుంచి అంచు దాకా పచ్చగా ఉండాలని సభ్యులు కోరుకోవడం సహజం. అయితే ఫెయిర్‌వేకు ఇరువైపులా ఎత్తుగా పెరగనిచ్చే పచ్చికను, అంటే రఫ్‌ను, నిద్రలో ఉన్న బెర్ముడాగా, గోధుమ వన్నెలో వదిలేస్తే పచ్చని ఫెయిర్‌వే దాని నడుమ మరింత స్పష్టంగా కనిపిస్తుంది, రఫ్‌లోని బెర్ముడాకు వసంతంలో పోటీ ఉండదు. ఫెయిర్‌వేలకు కూడా విత్తనం మాని ఆకుపచ్చ రంగు పిచికారీ చేసే కోర్సులు ఉన్నాయి. ఆ పద్ధతి నీరు బాగా ఆదా చేస్తుంది, కానీ నిద్రలో ఉన్న గడ్డికి అరుగుదల పూడ్చుకునే శక్తి లేదు. చలికాలంలో రద్దీ ఎక్కువగా ఉండి, కార్ట్‌లను దారికి పరిమితం చేయలేని కోర్సుకు నేను దాన్ని సలహా ఇవ్వను. మచ్చలు మరీ ఎక్కువగా ఉన్న రెండు ఫెయిర్‌వేలను ఒక్క ఏడాది విత్తనం లేకుండా వదిలి చూడండి. మరుసటి జూన్‌లో తేడా మీ సభ్యుల కళ్ళకే కనిపిస్తుంది.

మెరుగుదలలో తర్వాతి అడుగు పచ్చిక విస్తీర్ణం తగ్గించడం. అరిజోనాలో 1980 నాటి భూగర్భజల చట్టం తర్వాత వచ్చిన నిబంధనలు కొత్త 18 హోళ్ళ కోర్సులకు సుమారు 90 ఎకరాల పచ్చిక లెక్కనే నీటిని కేటాయించాయి. టీ నుంచి ఫెయిర్‌వే దాకా ఎడారి నేల, బంతి పడవలసిన చోట మాత్రమే గడ్డి ఉండే అక్కడి కోర్సుల రూపానికి ఆ పరిమితి ఒక ముఖ్య కారణం. మీరు కూడా టీల ముందు భాగం, ఆటకు సంబంధం లేని మూలలు ముందుగా ఎంచుకోండి. అక్కడి పెద్ద చెట్లను మరవవద్దు. పచ్చిక తడితో పెరిగిన మెస్కీట్ చెట్ల వేర్లు పైపైనే పరచుకొని ఉంటాయి. గడ్డితోపాటు నీరు హఠాత్తుగా ఆపితే అవి ఎండుతాయి, లేదా వర్షాకాలపు ఈదురుగాలికి కూలుతాయి. వాటికి బొట్టు సేద్యపు గొట్టాలు దూరంగా వేసి, ఒకటి రెండేళ్ళలో తడుల మధ్య ఎడం పెంచుకుంటూ పోవాలి. సగువారో కాక్టస్‌ది దీనికి విరుద్ధమైన బాధ. దాని మొదట్లో స్ప్రింక్లర్ ధార రోజూ పడితే కుళ్ళిపోతుంది.

రకం మార్చడం వీటన్నిటి తర్వాత. నీరు బాగా ఉప్పగా ఉంటే సముద్రతీర పాస్పాలం అనే గడ్డి గురించి ఆలోచించవచ్చు, ఎందుకంటే అది బెర్ముడా కంటే ఎక్కువ ఉప్పును ఓర్చుకుంటుంది. కానీ పాత బెర్ముడా అందులోకి తిరిగి చొరబడితే ఏరివేయడం చాలా కష్టం.

ఈ ఏడాది మచ్చల విషయానికి వస్తే, రై పోయిన వారంలో మోకాళ్ళ మీద కూర్చుని వాటిని దగ్గరగా చూడండి. మచ్చలోకి చుట్టుపక్కల నుంచి పిలకలు పాకుతూ ఉంటే నీరు, నత్రజని ఇచ్చి వదిలేయండి, అదే పూడుతుంది. రెండు జానల కంటే వెడల్పు ఉండి లోపల ఒక్క కణుపు కూడా బతికి లేకపోతే, ముందు ఆ చోట స్ప్రింక్లర్ ధారను, నేల ఈసీని పరీక్షించి, లోపం సరిచేసి, జూలై సగం దాటకముందే అదే రకం గడ్డి పలకలు తెచ్చి పరవండి. ఆగస్టు చివర పరచిన పలకలు వేరు దించుకునేలోపే విత్తనం వేళ వస్తుంది. అటువంటి చోట ఆ అక్టోబరుకు విత్తనం చల్లకుండా వదిలివేయండి.